తోలు చుట్టలో కుట్టు

వెలుగు పక్షం, ఐదో రోజు

ఈ రోజు నీళ్ళ వంతు నాది. గాలి జల్లెడల మీద పేరుకున్న చెమ్మను తుడిచి, గుడ్డలు తొట్టిలోకి పిండి, వడపోతకు పెట్టి వచ్చేసరికి ఓడ దిగిందన్నారు. దాంట్లో తాయారు వచ్చింది.

వస్తుందని తెలుసు. మాకు చదువు చెప్పిన మాస్టారు ముందే చెప్పారు. అయినా గేటు దగ్గర హెల్మెట్ తీసి, "ఏమే దోర్కా, ఇలా చిక్కిపోయావేంటే!" అంటూ అది నా మెడ చుట్టూ చేతులు వేసినప్పుడు ఒళ్ళు బిగుసుకుపోయింది. చందమామ మీదికి కొత్తగా వచ్చినవాళ్ళకు నెత్తురు పైకి ఎగదన్ని ముఖం ఉబ్బుతుంది. అందరికీ వికారంగా ఉండే ఆ ఉబ్బు దానికి నిండుగా, అందంగా ఉంది.

ఎనిమిదేళ్ళ నుంచి ఈ సొరంగంలో ఉంటున్నాను. ఎవరితోనూ గొడవ పడలేదు. ఎవరి వంతూ ఎగ్గొట్టలేదు. భోజనాల దగ్గర నన్నెవరూ పలకరించకపోయినా పట్టించుకోలేదు. తాయారు వచ్చిన పూటే సంచిలోంచి ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం తీసి వంటగదిలో వేయించింది. ఆ వాసన గాలి గొట్టాల్లో పడి సొరంగం చివరిదాకా పోయింది. కూరమడుల దగ్గరున్నవాళ్ళు, దుమ్ము ఊడ్చేవాళ్ళు, అంతా వచ్చి గుమికూడారు. పాత తోలు చుట్టల పొరలు విడదీసే మా పొరగదిలో యంత్రం నడిపే ఖాదర్ వలీ కడప మనిషి, మితభాషి. అతను కూడా నవ్వుతూ, "గోంగూరలో ఏసింటే ఇంగా బాగుండు గదమ్మా" అంటున్నాడు. ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడైనా కూరల సంగతి మాట్లాడాడా?

నా పళ్ళెంలోనూ రెండు నెత్తళ్ళు వేసింది. తిన్నాను. బాగున్నాయి.

పొరలు లేపేవాళ్ళు పని వివరాలు రాసి పెట్టాలని ఇక్కడ నియమం. ఆ రాత వేరే ఉంది. ఇది నా కోసం రాసుకుంటున్నాను.


వెలుగు పక్షం, ఏడో రోజు

ఈ రోజు నుంచి పొరగదిలో మేమిద్దరం.

ఉప్పు సముద్రం, అదే మృత సముద్రం ఒడ్డున కొండచరియ విరిగిపడి ఒక గుహ నోరు తెరుచుకుంది. అందులో దొరికిందీ తోలు చుట్ట. ఎన్ని వందల ఏళ్ళ కిందటో కాలి, బొగ్గుముద్దయింది. పైఅంచున కనిపించిన నాలుగు మాటలను బట్టి బైబిల్లోని యిర్మీయా ప్రవక్త గ్రంథమని తేలింది. భూమ్మీద దాన్ని తెరవలేరు. ఒక పొరను పైకెత్తితే దాని బరువుకే అది పొడైపోతుంది. ఇక్కడ దేని బరువైనా ఆరో వంతే. గాలి లేని గదిలో చుట్టను ఉంచి, బయట కిటికీ దగ్గర కూర్చుని, ఇనుప వేళ్ళతో చెరో అంచూ పట్టి ఒక్కో పొరను విడదీస్తాం. రెండో మనిషి లేకుండా జరిగే పని కాదు.

ఎత్తేటప్పుడు చదవకూడదు. చదవాలన్న ఆత్రంలో చెయ్యి కదులుతుంది. తోలు రేకు మొత్తం విడిపోయి, ఫొటో తీశాక ఇద్దరం కలిసి బల్ల దగ్గర చదవాలి. ఆ నియమం నేను పెట్టిందే.

తాయారుది అమలాపురం, నాది మాచర్ల. గుంటూరులో ఏకాంబరం మాస్టారి దగ్గర ఇద్దరం హీబ్రూ నేర్చుకున్నాం. అప్పటి నుంచీ మా తగాదా ఒకటే. ఈ గ్రంథం లోకానికి రెండు రూపాల్లో అందింది. ఒకటి పెద్దది. రెండోదాంట్లో ఎనిమిదో వంతు దాకా తక్కువ, వరుస కూడా వేరు. చిన్నదే ముందని, తర్వాతివాళ్ళు దానికి చేర్చుకుంటూ పోయారని నా వాదం. పెద్దదే ముందని, ఎవరో దాన్ని కత్తిరించారని తాయారు వాదం. ఇరవయ్యేళ్ళుగా నేను ఒక వ్యాసం రాస్తే అది ఒకటి రాస్తుంది. నాది చదివినవాళ్ళు బాగుందంటారు. దానిది చదివినవాళ్ళు దానికి ఉత్తరాలు రాస్తారు.

చుట్ట లోపలి కొసనుంచి గోరంత ముక్క తీసి వయసు కట్టారు. క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్ది అని వచ్చింది. అంత పాత ప్రతిని ఇంతవరకు ఎవరూ చూడలేదు. అందులో ఈ రెండు పాఠాల్లో ఏది ఉంటే ఆ పక్షం నిలుస్తుంది.

"తోలు చెబుతుందిలేవే" అంది తాయారు, చేతులు పట్టీల్లోకి దూరుస్తూ. అది మాస్టారి మాట. మాస్టారి మాటలన్నీ దాని నోట్లో సొంత మాటల్లా ఉంటాయి.


వెలుగు పక్షం, పదో రోజు

మాస్టారితో మాట్లాడే రోజు. ఇక్కడి నుంచి మాట భూమికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఒక గుటక మింగేంత సేపు పడుతుంది. ఆ గుటకలో మనిషి ఎవరి కోసం ఎదురు చూస్తున్నాడో తెలిసిపోతుంది.

"తాయారూ, చేరావా తల్లీ? తిన్నావా? అక్కడి చలి పడిందా?"

తర్వాత నన్ను అడిగారు. "దోర్కా, గదిలో పొడిదనం ఎంత ఉంది?"

చెప్పాను. "సరే" అన్నారు.

ఆయనకు ఎనభై దాటాయి. గుంటూరు ఇప్పుడు సముద్రానికి మరీ దగ్గరైంది. ఆ తేమకు మాస్టారి గొంతు కూడా నానిపోయినట్టుంది. ఈ చుట్టను అచ్చు వేసే సంపుటానికి ప్రధాన సంపాదకులెవరో పదో అధ్యాయం తేలాక చెబుతానన్నారు. ఎవరి పేరు మీద ఈ ప్రతి అచ్చవుతుందో, ఇకముందు దీన్ని తలచుకునేవాళ్ళంతా ఆ పేరుతోనే తలచుకుంటారు.

తాయారు అక్కడే ఉంది. "దోర్కాకి ఇవ్వండి మాస్టారూ, ఎనిమిదేళ్ళు ఇక్కడ ఎముకలు అరగదీసుకుంది" అంది.

అది నిజంగానే అలా అనుకుని అంది. నాకు తెలుసు. నటించి ఉంటే నాకింత కడుపు మండేది కాదు.


వెలుగు పక్షం, పద్నాలుగో రోజు

పొద్దున్నించీ పని సాగలేదు. మధ్యాహ్నానికి తాయారు చేతులు కొంకర్లు పోయాయి. కొత్తవాళ్ళకు అవుతుంది. ఖాదర్ వలీ దాన్ని పంపించేశాడు. రేపటి నుంచి పైన చీకటి పడుతుంది. ఎండపలకలకు పని ఉండదు. ఉన్న కరెంటు గాలికీ నీళ్ళకూ చాలాలి. పొరగది మళ్ళీ వెలుగు వచ్చేదాకా మూసెయ్యాలి.

సగం విడిన పొరను గాలిలో వదిలేయలేం కదా. దాన్ని మెల్లగా దించి దిండు మీద పడుకోబెడుతున్నాను. అప్పుడు కింది అంచు నా కిటికీ వైపు వంగింది. దీపం ఏటవాలుగా పడింది. కాలిన తోలు మీద సిరా చచ్చిపోదు. బొగ్గు నలుపులో అది వెండిపూతలా మెరుస్తుంది. ఒక వరుస తలకిందులుగా కనిపించింది.

చదవకూడదు. చదివాను.

"మేయేన్ కామోఖా." నీవంటివాడు లేడు.

పదో అధ్యాయంలో చెక్క విగ్రహాలను వెక్కిరించే మాటల మధ్య దేవుణ్ణి పొగిడే వచనాలు కొన్ని ఉన్నాయి. అవి పెద్ద పాఠంలోనే ఉంటాయి. చిన్న పాఠంలో ఉండవు. అవి లేకపోవడం మీదే నా వాదాన్ని నిలబెట్టాను. ఇదిగో, ఉన్నాయి.

"ఏందమ్మా, ఆడ్నే నిలబడినారు. ఏమన్నా కనబడెనా?" అన్నాడు ఖాదర్ వలీ.

"ఏం లేదు. దీపం ఆర్పెయ్."


చీకటి పక్షం, మూడో రోజు

చలి. దుప్పట్లు భుజాల మీద వేసుకుని వంటగదిలో చిలగడదుంపలు తరుగుతున్నాం. తాయారు పాడుతుంటే తక్కినవాళ్ళు చేతుల్లో పని మరిచిపోయి వింటున్నారు. దానికి శ్రుతి కుదరదు. అయినా వింటున్నారు.

పాట ఆపి నా పక్కన చతికిలబడింది.

"భయంగా ఉందే" అంది మెల్లగా. "నువ్వే గెలుస్తావేమోనని. నవ్వకు. ఈ వయసులో నాది తప్పని తేలితే ఎలాగే? ఇంక మొదటి నుంచి మొదలెట్టలేం కదా."

నవ్వలేదు. దుంప తరుగుతూనే ఉన్నాను. వెలుగు రాగానే పొరగది తలుపు తెరుస్తారు. ఫొటో గోడ మీద పడుతుంది. తాయారు ఆ మాట చదువుతుంది. నలభై మందీ లేచి దాన్ని పట్టుకుని ఊపేస్తారు. ఆ తర్వాత అది నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేవే" అంటుంది. గెలుపునైనా ఓర్చుకుంటాను. ఆ చెయ్యి నా వల్ల కాదు.

కత్తి వేలికి తగిలింది. తాయారే గుడ్డ చింపి కట్టింది.


చీకటి పక్షం, నాలుగో రోజు

పంపేశాను.

మాస్టారికి, ఇంకా ఈ గ్రంథం మీద పనిచేసే అందరికీ. ఎక్కువ రాయలేదు. ఇన్నేళ్ళ నా వాదాన్ని మళ్ళీ మొదటి నుంచీ పరీక్షించుకున్నానని, పెద్ద పాఠమే ముందుదన్న తాయారు మాటలో బలం ఉందని ఇప్పుడు నమ్ముతున్నానని, చుట్ట ఏం చెప్పినా సరే, దానికంటే ముందే ఈ మాట చెప్పడం నా ధర్మమని రాశాను.

ధర్మం అన్న మాట దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత అదీ రాసేశాను.


చీకటి పక్షం, ఏడో రోజు

ముఖం కూడా తెలియనివాళ్ళు రాస్తున్నారు. ఇంత నిజాయితీ తమ జీవితంలో చూడలేదట. సాక్ష్యం మీద పడకముందే తనంతట తాను వెనక్కి తగ్గిన పండితురాలట. ఖాదర్ వలీ ఎక్కడో విని వచ్చి, "మీరు శానా పెద్ద మనసు సేసినారంట గదమ్మా" అన్నాడు. భోజనాల దగ్గర ఇద్దరు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

మాస్టారి గొంతు వచ్చింది. "దోర్కా, నా శిష్యుల్లో ఈ పని చేయగలిగినవాళ్ళు ఒక్కరైనా ఉంటారని అనుకోలేదమ్మా. పదో అధ్యాయం దాకా ఆగక్కర్లేదు. ప్రధాన సంపాదకురాలివి నువ్వే."

ఆ గొంతును మూడుసార్లు విన్నాను. "అమ్మా" అన్నారు నన్ను.

తాయారు సాయంత్రం వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది.

"నాతో ఒక్క మాట అనకుండా?"

"అంటే ఏమయ్యేదే?"

"ఏమీ అయ్యేది కాదు." ఒక అడుగు లోపలికి వేసింది. "దేన్ని చూసి మార్చుకున్నావే?"

"దేన్నీ చూడలా. ఆలోచించుకున్నా, అంతే."

తల ఊపి వెళ్ళిపోయింది. ఆ రోజు వంటగదిలో పాట లేదు. నేను కడుపు నిండా తిన్నాను, హాయిగా పడుకున్నాను. దాని ముఖం వాడిపోయి ఉంటే నా ఒంటికి వేడి పుట్టింది. ఇలా రాసుకోవడానికి సిగ్గుగా లేదు. ఉండాలేమో.


వెలుగు పక్షం, రెండో రోజు

తలుపు తెరిచారు. రేకు మొత్తం విడిపోయింది. ఫొటో భోజనాల గది గోడ మీద వేశారు. తాయారు చదివింది. "మేయేన్ కామోఖా" అన్న వరుస కింద వేలు పెట్టి చూపించింది.

చప్పట్లు నాకు కొట్టారు. అందరూ నా వైపు తిరిగారు. భూమి నుంచి మాస్టారు, "దోర్కా ముందే అంది కదయ్యా" అన్నారు. ఇరవయ్యేళ్ళు ఆ మాటే అంటూ వచ్చిన మనిషి గోడ పక్కన నిలబడి ఉంది. దాన్నెవరూ చూడలేదు. నేను చూశాను.

నేననుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది.


వెలుగు పక్షం, నాలుగో రోజు

తాయారు ఆ గోడ వదలడం లేదు. ముందు బాధపడుతోందేమో అనుకున్నాను. ఈ రోజు నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

"ఈ లామెద్ అక్షరం చూడవే. మెడ చూడు, ఎలా వంగిందో. ఈ మేమ్ చూడు. నాలుగో శతాబ్దంలో ఎవరైనా ఇలా రాస్తారా?"

"అందరి రాతా ఒకటే ఉంటదా ఏంది?"

"అక్షరాల చదువు నీది. నువ్వు చెప్పవే. ఇది కనీసం మూడొందల ఏళ్ళు చిన్నది." దాని కళ్ళు మెరుస్తున్నాయి. "వయసు కట్టిన ముక్క లోపలి కొసది కదా? ఇది పైరేకు. చుట్టలో ముందు అరిగిపోయేది పైరేకే. అరిగిపోతే ఎవరో తీసేసి, తర్వాతి కాలంలో కొత్త తోలు మీద రాసి కుట్టారేమో! ఇదిగో, ఈ అంచున కుట్టు. దీని లోపలిదే అసలైన పాతది."

"అట్టయితే నువ్వు గెలిచింది గెలుపు కాదు" అన్నాను.

"కాకపోతే పోనీవే! లోపలేముందో చూద్దాం."

ప్రధాన సంపాదకురాలిగా నేను ఒక నిర్ణయం రాశాను. కుట్టు దగ్గర తోలు రెండు మడతలుగా ఉంది, ఎత్తితే చెడిపోవచ్చు, ఇక్కడితో ఆపుతున్నాం, చుట్టను పెట్టెలో పెట్టి మూసివేయాలి.

ఖాదర్ వలీ చదివి, "కుట్టు గట్టిగానే ఉండాది గదమ్మా, నరంతో కుట్టినారు" అన్నాడు.

"మూసెయ్యమన్నా కదా."

ఇక్కడ పెట్టె మూస్తే మళ్ళీ తెరిపించడం తేలిక కాదు. కొత్త జట్టు రావాలి, కొత్త అనుమతులు రావాలి. అప్పటికి నేనుండను, తాయారూ ఉండదు.


వెలుగు పక్షం, ఐదో రోజు

ఎవరూ లేనప్పుడు గోడ దగ్గరికి వెళ్ళి ఫొటో చూశాను. లామెద్ మెడను ఒక్కసారి చూస్తే చాలింది. మొదటి ఏడాది చదివే పిల్ల కూడా చెబుతుంది. అక్షరాన్ని బట్టి వయసు కట్టడమే నా చదువు. ఆ రోజు కిటికీలోంచి నాకు మాట కనిపించింది, తాయారు ముఖం కనిపించింది. అక్షరం కనిపించలేదు.

లోపల చిన్న పాఠం ఉంటే? చుట్ట నా కోసమే ఇన్నేళ్ళు కాలిపోయి ఆగి ఉన్నట్టు. పాత రేకుల్లో చిన్న పాఠం, దానికి తర్వాత కుట్టిన రేకులో పెద్ద పాఠం. నేను ఇరవయ్యేళ్ళు చెప్పిందే తోలు మీద సూదితో కుట్టి ఉన్నట్టు.

దాన్ని నేనే లోకమంతటి ముందూ కాదన్నాను. ఇప్పుడు తాయారు దాన్ని రుజువు చేస్తుంది. నా బిడ్డను నేనే చెత్తకుప్పలో పారేస్తే, అది ఎత్తుకుని ఒళ్ళు తుడిచి తన పేరు పెట్టుకుంటుంది. పెట్టె మూసెయ్యడమే మంచిది.


వెలుగు పక్షం, ఆరో రోజు

ఖాదర్ వలీ పెట్టె తెచ్చాడు. తాయారు రాలేదు. కూరమడుల దగ్గర తోటకూర కోస్తోందట. పోట్లాడుతుందనుకున్నాను. రాలేదు.

ఇనుప వేళ్ళతో చుట్టను పెట్టెలోకి దించాడు. మూత దగ్గరికి తెచ్చాడు. సగం విప్పిన అంచు మీద దీపం పడి, కుట్టు అవతల ఒక గీత మెరిసింది. అక్షరం కాదు, అక్షరం కొస మాత్రమే. మూత నీడ దాని మీదికి జరుగుతోంది.

"ఆగు" అన్నాను.

"ఏమ్మా?"

"తీసెయ్ మూత. తాయారును పిలువు."

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మంచితనం వచ్చి కాదు. ఆ గీత ఏ అక్షరానిదో తెలియకుండా ఇంకో పూట బతకలేననిపించింది, అంతే.


వెలుగు పక్షం, తొమ్మిదో రోజు

మూడు రోజులు ఎత్తాం. ఇద్దరం మాట్లాడుకోలేదు. "నీ వైపు కొంచెం", "చాలు", "ఆగు". అంతే. ఈసారి నేను ఒక్క అక్షరం కూడా చదవలేదు. కళ్ళు దించుకుని చేతుల్నే చూశాను.

ఫొటో వచ్చాక బల్ల దగ్గర కూర్చున్నాం. మేమిద్దరం, ఖాదర్ వలీ. అక్షరాలు పాతవి, నిటారుగా, మెడలు వంగకుండా ఉన్నాయి. ఇరవై అయిదో అధ్యాయం నడుమ ఒక చోటు ఉంది. అక్కడ పెద్ద పాఠంలో దేవుడు ప్రవక్తకు కోపంతో నిండిన ద్రాక్షారసపు గిన్నె అందిస్తాడు. చిన్న పాఠంలో అక్కడ గిన్నె ఉండదు. నేరుగా పరాయి దేశాల మీద శాపాలు మొదలవుతాయి. మొదటి దేశం ఏలాము.

తాయారు వేలితో వరుస పట్టుకుని చదువుతోంది. ఆ చోటికి వచ్చింది. వేలు ఆగింది.

"ఏలాము" అంది.

మళ్ళీ చదివింది. "ఏలాము!" కుర్చీలోంచి ఎగిరింది. ఇక్కడ ఎగిరితే అంత తేలిగ్గా దిగం. తల పైకప్పుకు ఠంగుమని తగిలింది. నెత్తి పట్టుకుని దిగుతూనే నవ్వుతోంది. "నువ్వేనే! చిన్నదే ముందే! నువ్వన్నదే! ఖాదరూ, దోర్కా అన్నదే నిజం!"

దాని ఇరవయ్యేళ్ళ పని ఆ ఒక్క మాటతో పోయింది. అది నవ్వుతోంది. నన్ను కావలించుకుని ఏడుస్తోంది. అప్పుడు కూడా నాకు కుళ్ళే. ఓడిపోయి అలా నవ్వగలగడం దీనికెలా వచ్చింది, నాకెందుకు రాలేదు?

"మాస్టారికి చెబుదాం పద. నువ్వసలు వెనక్కి తీసుకోవలసిన పనే లేదని. అయినా ఎందుకు తీసుకున్నావే, మహాతల్లీ?"

ఖాదర్ వలీని కాసేపు బయటికి వెళ్ళమన్నాను. అతను వెళ్ళాక చెప్పాను.

"నీ చెయ్యి కొంకర్లు పోయిన రోజు నేను చూశా. 'కామోఖా' చదివా. నువ్వు గెలుస్తావని తెలిసి, ముందే పంపా."

అది నా చేతులు వదిలేసింది.

"అంటే, నన్ను గెలవనివ్వకూడదని."

"అవును."

బల్ల మీది ఫొటోను తన ముందు నుంచి పక్కకు జరిపింది. నెత్తి మీద దెబ్బ తగిలిన చోట వాచింది.

"నీకు తెలుసా," అంది, "ఆ చీకటి రోజుల్లో నా మీద నాకే అసహ్యం వేసిందే. దోర్కాకి ఉన్న ధైర్యం నాకు లేదే అని. నాది తప్పేమోనని ఎన్నిసార్లు అనుమానం వచ్చినా నేను ఒక్కసారైనా నోరు విప్పలేదు. నువ్వు విప్పావు. నిన్ను చూసి కుళ్ళి చచ్చానే నేను. అన్నం సయించలేదు." వాచిన నెత్తి తడుముకుంది. "లేని ధైర్యాన్ని చూసి కుళ్ళుకున్నానన్నమాట."

"తాయారూ..."

"మాస్టారికి నువ్వే చెప్పు. నేను చెప్పను."


వెలుగు పక్షం, పదో రోజు

చెప్పాను. మాట వెళ్ళి రావడానికి పట్టే గుటక అయిపోయింది. ఇంకొన్ని గుటకలూ అయిపోయాయి.

"ముందు ఎవరికి చెప్పావు?" అన్నారు మాస్టారు.

"తాయారుకి."

"సరే. సంపుటం తాయారు చూస్తుంది. నువ్వు ఇన్నాళ్ళూ అందరికీ రాసినట్టే ఈ సంగతి కూడా రాసి పంపు. కిందికి వస్తావా, అక్కడే ఉంటావా?"

"ఉంటానండీ. పొరలింకా ఉన్నాయి."

"గది పొడిదనం చూసుకో" అని పెట్టేశారు. అమ్మా అనలేదు.

రాసి పంపాను. ఈసారి ధర్మం అన్న మాట లేదు. జవాబులు వస్తున్నాయి. చదవడం మానేశాను.


తర్వాతి వెలుగు పక్షం, మూడో రోజు

తాయారు ముందుమాట చిత్తుప్రతి బల్ల మీద పెట్టి వెళ్ళింది. చిన్న పాఠమే ముందని, ఆ మాట మొదట నిలబెట్టింది నేనని మొదటి పేజీలోనే రాసింది. తర్వాత నేను దాన్ని ఎందుకు విడిచిపెట్టానో ఒక్క వాక్యంలో చెప్పింది. ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. కోపం తెచ్చుకోవడానికి ఒక్క తప్పైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. ఇంత చక్కగా నేను రాయలేను. చదువుతుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుంది. ఇది పోయే జబ్బు కాదేమో.

ఇరవై రోజులు దాటినా అది నాతో పనిమాట తప్ప మాట్లాడడం లేదు. పేరు పెట్టి పిలవడం లేదు. ఎదురుగా కూర్చుని చెరో అంచూ ఎత్తుతాం, లేచి వెళ్ళిపోతాం. చదువు అది ఒక్కతే చేస్తుంది. నేను అడగను.

ఈ రోజు గోడ మీద కొత్త రేకు వేసి చదువుకుంటోంది. నేను పక్కనే ఇనుప వేళ్ళకు నూనె రాస్తున్నాను. "అరాము మీద" అని పైకే చదువుతూ రాసుకుంది. నోరు ఊరుకోలేదు.

"అది అరాము కాదు, ఎదోము."

హీబ్రూలో ఆ రెండు పేర్లకూ తేడా ఒక్క అక్షరమే; రేష్ అయితే అరాము, కుడి మూల తేలిన దాలెత్ అయితే ఎదోము. వెనక్కి తిరగలేదు. "రేష్ స్పష్టంగా ఉంది."

"రేష్ కాదది, దాలెత్. కుడి మూల చూడు."

"ఆ మూల తోలు చిట్లింది. అక్షరం మూల కాదు."

"చిట్లితే చీలిక అడ్డంగా పోతది. ఇది సిరా. ఒక్క మూల కోసం దేశాన్నే మార్చేస్తావా?"

అప్పుడు తిరిగింది. ముఖం ఎర్రబడింది. "నీ కళ్ళకేం రోగమొచ్చిందే దోర్కా! ఎదోము నాలుగు వరుసల తర్వాత వస్తోంది కదే, ఇక్కడెందుకొస్తుంది?"

"ఎందుకు రాకూడదు? నువ్వు పెద్ద పాఠం వరుస తలలో పెట్టుకుని చదువుతున్నావు. ఇంకా వదల్లేదు నీకది."

"నాకా వదల్లేదు?" చేతిలో కలం బల్ల మీదికి విసిరింది. అది మెల్లగా తేలుతూ పోయి అవతల పడింది. "ఇటు రా. ఇక్కడ నిలబడి చూడు. ఏదీ మూల? చూపించు!"

ఖాదర్ వలీ తొంగిచూసి, మా ఇద్దరినీ చూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. భోజనానికి పిలిచారు. వెళ్ళలేదు. మళ్ళీ పిలిచారు. దీపాన్ని ఎడమ నుంచి వేసి చూశాం, కింది నుంచి వేసి చూశాం. ఇది రాస్తుంటే పక్కనుంచి అది ఇంకా రేష్ అనే అంటోంది.

కాదు. అది దాలెతే.